తెచ్చినవాళ్ళే ముందు

వాగు అవతల, ఏ పంతులూ ఎక్కిరాని రాళ్ళకొండ మీద పదకొండు మేకపిల్లలు ఉండేవి. వాటికి పెద్దదిక్కు ముసలి మేక చుక్కమ్మ. ఏ ఆకు తినొచ్చో, ఏది తింటే ప్రాణం మీదికి వస్తుందో ఎరిగింది ఆమె ఒక్కతే. ఆ ఒక్కతే ఈమధ్య మరిచిపోతోంది. మొన్న బలుసాకు నోట్లో పెట్టుకుని, దాని పేరేమిటో సాయంత్రం దాకా గుర్తు రాక గుండె గుభేలుమంది. "నేను మరిచిపోతే ఈ పిల్లల గతేమిటి?"

అందుకని పేర్లు చెప్పడం మానేసి పిల్లల్నే పొదల్లోకి తోలింది.

"కొత్త ఆకు కనబడితే నన్నడక్కండి. వాసన చూడండి. కొస పెదవికి రాసుకుని, నీడ ఈ బండ నుంచి ఆ బండకు జరిగేదాకా ఆగండి. తెచ్చినవాళ్ళే ముందు రుచి చూడాలి, తక్కినవాళ్ళు ఆగాలి!"

పిల్లలకు పండగే పండగ!

"అవ్వా, ఇది పులుపు!"

"అవ్వా, నా మూతి చిమచిమలాడింది!"

కొండంతా ఒకటే గోల. ఆ గోల విని నక్క వాగు దాటి వచ్చింది, చెవిలో నెమలీక దోపుకుని.

"అక్కా, నేను పంతుల్ని. పక్క అడవిలో మూడు బడులు నడిపాను. పిల్లలు తమంతట తాము నేర్చుకోవడమేమిటి, విడ్డూరం! నీకా, మతిమరుపట. రేపు విషాన్ని మేత అన్నావంటే?"

ఆ మాట చుక్కమ్మకు సూటిగా తగిలింది. "నిజమే తమ్ముడూ," అంది తల వంచుకుని. "నువ్వే చెప్పు."

నక్క మళ్ళీ వాగొడ్డుకు పోయి, నోటినిండా ఉమ్మెత్తాకులు కరుచుకొచ్చి పిల్లల ముందు పోసింది. మత్తులో పడ్డవాళ్ళను ఒక్కొక్కర్నీ ఈడ్చుకుపోవచ్చని దాని ఎత్తు.

"ఇది చదువుల ఆకు. తింటే చదువు దానంతటదే వస్తుంది. ప్రశ్నలడక్కుండా మింగండి!"

చుక్కమ్మ ఆకుల వైపు చూసింది. ఎక్కడో చూసినవే. ఎంత తల బాదుకున్నా పేరు నోటికి రాలేదు.

అన్నిట్లోకీ చిన్నది గోగి. అది వాసన చూసి ముక్కు ముడిచింది.

"పంతులుగారూ, ఈ ఆకు తెచ్చిందెవరు?"

"కళ్ళు లేవా? నేనే!"

"అయితే ముందు మీరే తినాలి. మా బడిలో అంతే."

"పంతుల్నే పరీక్షిస్తారా?"

"నీడ జరిగేదాకా ఆగుతాం లెండి," అంటూ పదకొండు మూతులూ బిగుసుకున్నాయి.

నక్క పుట్టి బుద్ధెరిగి ఆకు కొరికింది లేదు. మాంసం తినే పొట్టను ఈ గడ్డీగాదం ఏం చేస్తుందిలే అనుకుంది.

"కొస చాలు పంతులుగారూ!"

"పంతులన్నవాడు కొసతో సరిపెడతాడా?" అని కుప్పంతా మింగేసింది.

నీడ రెండో బండ దాకా పోనేలేదు. నక్క ఓ ముళ్ళపొదకు దణ్ణం పెట్టి "అత్తగారూ, బాగున్నారా?" అంది. తన తోక వెంట తనే గిరగిరా తిరిగింది. "పట్టండి, చందమామ పారిపోతున్నాడు!" అని మిట్టమధ్యాహ్నం అరుచుకుంటూ పోయి వాగులో దభీమని పడింది. వాగు దాన్ని ఎక్కడ ఒడ్డున పడేసిందో గానీ, మళ్ళీ ఆ కొండ ఛాయలకు రాలేదు.

పిల్లలు గంతులే గంతులు! చుక్కమ్మ గోగి మూతి నాకింది.

"నా తల్లే! ఆ మాట నీకెవరు నేర్పారే?"

"నువ్వే కదవ్వా!"

"నేనా?" చుక్కమ్మ పకపకా నవ్వింది. "సరేగానీ, ఇంతకీ ఆ ఆకు పేరేమిటి?"

గోగి, నక్క నోట్లోంచి కింద రాలిన ఆకొకటి మూతితో ఆమె ముందుకు తోసింది.

"నేను చెప్పను. ముందు వాసన చూడు."

నీతి: నేర్పినవాళ్ళు మరిచిపోయినా, పిల్లలు తామే వెతికి తెలుసుకున్నది పిల్లల్ని వదిలిపోదు.