స్కోపులో కనిపించిన వణుకు

ఉస్తాద్ పైడిరాజు గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కారు. సైన్యంలో సుబేదారుగా పనిచేసి వచ్చి, ఆ జిల్లా సాయుధ పోలీసులకు గురి నేర్పే మనిషి ఆయన. అడిగినవాళ్లను తుపాకి దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టేవారు. జవాబు అక్కడ దొరికితే దొరికినట్టు. లేకపోతే మర్నాడు మళ్లీ రావలసిందే.

ఒక సోమవారం ఉదయం హైమావతి అనే కానిస్టేబులు ఆయన్ని ఇలా అడిగింది: "ఉస్తాద్, చేతి వణుకు తూటాకు అంటకుండా ఆపే స్టాండు ఏది?"

ఆమె ఊరికే అడగలేదు. ఏడాది కిందట బందోబస్తుకు వెళ్తుండగా ఘాటు రోడ్డులో జీపు బోల్తాపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గాని వేళ్లలో సన్నని వణుకు మిగిలిపోయింది. అది పై అధికారి కంట పడింది. ఆయన న్యాయంగానే ఒక అవకాశం ఇచ్చారు. శనివారం పరీక్ష. వంద మీటర్ల దూరంలో అరచేయంత వలయం. తుపాకికి ఆసరా పెట్టుకోవచ్చు, స్కోపు బిగించుకోవచ్చు. ఐదు తూటాల్లో నాలుగు ఆ వలయంలో పడితే ఆమె దళంలో ఉంటుంది. పడకపోతే కంట్రోల్ రూములో ఫోన్ల ముందు కూర్చోవాలి. ఇక ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆమె చేతికి తుపాకి ఇవ్వరు. పదకొండేళ్లుగా ఆమెకు తెలిసిన పని అదొక్కటే.

"నీ సంచి విప్పు" అన్నారు ఉస్తాద్.

భయపడ్డ మనిషి అందరి సలహాలూ వింటుంది. హైమావతి సంచిలోంచి రెండు కాళ్ల స్టాండు, మూడు కాళ్ల స్టాండు, పదహారు రెట్ల దాకా పెద్దది చేసి చూపే స్కోపు, దాని కొసకు ఎండ పడకుండా తొడిగే గొట్టం, కంటికి ఆనే రబ్బరు కప్పు, తుపాకి పక్కకు ఒరిగితే తెలిపే చిన్న రసమట్టం, రాయిలా కుక్కి కుట్టిన ఇసుక సంచి బయటికి వచ్చాయి.

ఆయుధాల మరమ్మతు చూసే రహమతుల్లా అవన్నీ వంగి చూశాడు. దళంలో అతన్ని మించిన గురికాడు లేడు.

"ఏమమ్మా, తుపాకిని కాల్చడానికి తెచ్చావా, కాపురానికి పంపుతున్నావా? సారె మొత్తం సర్దావు."

"నువ్వు నవ్వుతావు భాయ్. శనివారం పరీక్ష నీది కాదుగా."

ఉస్తాద్ నవ్వలేదు. ఆమెను తన పద్ధతిలోనే కాల్చమన్నారు. ఆమె సిమెంటు గట్టు మీద రెండు కాళ్ల స్టాండు నిలిపి, బోర్లా పడుకుని, స్కోపును పదహారుకు తిప్పి ఐదు కాల్చింది. రెండే లోపల పడ్డాయి.

"గీతలు నిలవడం లేదు ఉస్తాద్" అంది. స్కోపు మధ్యలో ఒకదాన్నొకటి కోసుకునే నిలువుగీత, అడ్డగీత గురించి ఆమె చెప్పేది. "నిలిచేదాకా ఊపిరి బిగబట్టి ఆగుతాను. నిలిచాయి అనుకోగానే నొక్కేస్తాను. ఈలోపే మళ్లీ జారిపోతాయి."

ఆయన ఊఁ అని, ముందు ఆసరా సంగతి చూశారు. రెండు కాళ్ల స్టాండు విప్పి పక్కన పెట్టారు. "సిమెంటు మీద ఇది ఎగురుతుంది. మట్టి నేల మీద పనికొస్తుంది, దాచుకో." ఇసుక సంచి కుట్లు తెంపి మూడోవంతు ఇసుక కిందికి వంపేశారు. మెత్తబడిన సంచి మీద గుద్ది గుంట చేసి, అందులో తుపాకిని కూర్చోబెట్టారు. "బారెల్ ఆనకూడదు. ఈ ముందు చెక్క ఆనాలి." వెనక భుజానికి ఆనే బట్టు కింద చిన్న సంచి ఒకటి దూర్చి, దాన్ని ఆమె ఎడమ పిడికిట పట్టించారు. పిడికిలి బిగిస్తే తుపాకి మూతి అంత దిగుతుంది, వదిలితే అంత లేస్తుంది. రబ్బరు కప్పు తీసేశారు. ఆమె దానికి ముఖం నొక్కి తుపాకిని నెడుతోందట. రసమట్టం మాత్రం ఉండనిచ్చారు. తుపాకి నిజంగానే కుడికి ఒరుగుతోంది.

ఈసారి మూడు లోపల పడ్డాయి. మూడు చాలవు.

ఆమె లేచి మోచేతుల దుమ్ము దులుపుకుంది. "ఇంతకన్నా బరువైన ఆసరా ఏదైనా ఉందా ఉస్తాద్? దొరకాలే గాని, ఎక్కడున్నా తెచ్చుకుంటాను."

ఆయన తుపాకిలోంచి, తూటాను లోపలికి నెట్టే బోల్టును పూర్తిగా లాగేశారు. లోపల తూటా లేదని రహమతుల్లాకు చూపించి, బోల్టు గోనెపట్టా మీద పెట్టారు. ఆ తరువాత తానే బోర్లా పడుకుని, కాల్చబోయేవాడిలా తుపాకి పట్టుకుని, తల మాత్రం పక్కకు తీశారు.

"వంగి స్కోపులో సూడమ్మా. ఏటి కనిపిస్తోంది?"

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, వంగి కన్ను పెట్టింది. గీతలు వలయం మీద ఇటూ అటూ పరిగెడుతున్నాయి. ఓసారి పైకి గెంతుతున్నాయి, ఓసారి కిందికి.

"చూశారా ఉస్తాద్, ఎలా కొట్టుకుంటున్నాయో. ఈ చేత్తో నేనింకేం కాలుస్తాను?"

"నీ చేతులెక్కడున్నాయి?"

ఆమె కన్ను తీసి చూసుకుంది. రెండు చేతులూ తన మోకాళ్ల మీదే ఉన్నాయి.

"పట్టుకున్నది నేను" అన్నారాయన.

రహమతుల్లా గొంతు సవరించుకున్నాడు. "నాకూ అంతే చెల్లెమ్మా. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ఆమె మళ్లీ వంగి చాలాసేపు చూసింది. మన టార్గెట్టు కాగితం మీది చిల్లులు అందరూ లెక్కపెడతారు. పక్కవాడి స్కోపులో కన్నుపెట్టి చూసిన వాళ్లు తక్కువ. ఏడాదిగా ఆమె రహమతుల్లా కాగితాలే చూసింది. అతని గీతలు బండరాయిలా నిలబడి ఉంటాయని అనుకుంది.

"మీకెప్పటినుంచి ఉస్తాద్?"

"తుపాకి పట్టిన రోజు నుంచి. ముప్పై నాలుగేళ్లు. ఒక్కపూట నిలవలేదు."

అప్పుడు ఆయన స్కోపు మీది కట్టును పదహారు నుంచి ఆరుకు తిప్పి, "ఇప్పుడు?" అన్నారు.

"ఇంకా కదులుతున్నాయి. కాని... వలయం లోపలే."

"ఇందాకా లోపలే. పదహారులో పెద్దగా కనిపించింది, అంతే. తిరగనీ. నువ్వు వేలు మెల్లగా నొక్కుతూ ఉండు. పేలినప్పుడు అదే పేలుతుంది."

చెప్పడం తేలిక. తరువాతి నాలుగు రోజులూ ఆయన ఆమెకు జాలి చూపలేదు. ఆమె చూడకుండా తుపాకి నింపేవారు. ఒక్కోసారి మందు లేని ఉత్త తూటా డొల్ల పెట్టేవారు. పేలని తుపాకి కూడా ఎగిరిందంటే ఆమె ట్రిగ్గర్ గుంజినట్టే. అలా గుంజితే ఆ పూటకు ఆపించి ఇంటికి పంపేవారు. మంగళవారం రెండు పూటలా వెనక్కి పంపారు. ఆమె వెళ్లి, మర్నాడు తెల్లవారగానే వచ్చి ఇసుక సంచులు సర్దుకుని ఎదురుచూసింది. శుక్రవారం ఒక్కసారి కూడా గుంజలేదు.

శనివారం అధికారి వచ్చారు. ఎండ ఎదురుగా ఉంది కాబట్టి ఉస్తాద్ స్కోపుకు గొట్టం తొడగమని మాత్రం చెప్పి, వెనక్కి వెళ్లి నిలబడ్డారు. మొదటిది లోపల. రెండోది లోపల. మూడో దానికి ఆమె పాత అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టింది, గీతలు నిలిచాయనుకుని నొక్కేసింది. అది వలయానికి జానెడు దూరాన పడింది. నాలుగోది లోపల.

ఐదోదానికి తుపాకి సర్దుకుని పడుకుంది. గీతలు తిరుగుతున్నాయి. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది, తిరిగి వచ్చేసింది. ఆమె తల ఎత్తి రెండుసార్లు ఊపిరి వదిలింది. అధికారి గడియారం చూసుకున్నారు. ఆమె మళ్లీ చెంప ఆనించింది. తిరిగే గీతలను తిరగనిచ్చి, వేలు నొక్కుతూ పోయింది. తుపాకి పేలింది.

కాగితం తెచ్చారు. ఐదో చిల్లు సరిగ్గా అంచు మీద ఉంది. అధికారి దాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. వలయపు గీత తెగింది. గీత తెగితే లోపలిదే అని నియమం. ఆయన కాగితం మీద సంతకం చేసి ఆమె చేతికిచ్చారు. ఆమె అందుకుంటుంటే కాగితం గలగలలాడింది. ఆయన అది విన్నారు. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు.

తరువాత తుపాకి అప్పగించడానికి ముగ్గురూ కోత్‌కు వెళ్లారు. ఆయుధాలు దాచే గదిని వాళ్లు కోత్ అంటారు. రహమతుల్లా ఆమె తుపాకిని వరసలో నిలబెట్టి, అన్నిటి ట్రిగ్గర్ల దగ్గరగా ఒకే గొలుసు దూర్చి తాళం వేశాడు. హైమావతి వణికే వేళ్లతోనే సంతకం పెడుతూ, మనసులో మిగిలిపోయిన మాట అడిగింది.

"ఉస్తాద్, అసలు కదలకుండా నిలిచే తుపాకి ఎక్కడైనా ఉందా?"

ఆయన గడ్డంతో వరస వైపు చూపించారు.

"అవిగో. గొలుసు పడ్డాక ఒక్కటీ కదలదు."