రాణి స్టాంపు వెనక చుక్క

మద్దిలేటికి ఎవరిమీదా ఒక పట్టాన నమ్మకం కుదరదు. అది పూర్తిగా ఆయన తప్పనడానికీ లేదు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ఉన్నన్నాళ్ళూ ఆయన చేసిన పని ఒకటే. అంగడికి పోవడం, తూకపురాయిని తిరగేయడం, అడుగున సీసం మీద ముద్ర ఉందో లేదో చూడడం. పైవైపు చూసి నమ్మేస్తే ఆ ఉద్యోగం సాగదు. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. ఇంట్లోకి కొత్త చెంబు తెస్తే, ముందు బోర్లించి దాని అడుగు చూస్తాడు.

అలాంటి మనిషికి స్టాంపుల పిచ్చి పట్టుకుంది. పట్టుకోక ఏం చేస్తుంది? స్టాంపులోనూ అసలు సంగతి వెనకవైపే ఉంటుంది మరి.

ఆయనకు ఆ విద్య నేర్పింది కర్నూలు పాతబస్తీలో ఉండే ఒక సూఫీ పెద్దాయన. అందరూ హజ్రత్ అనేవాళ్ళు. ఆయన గదిలో రెండు దొరికేవి: మనసుకు పనికొచ్చే నాలుగు మాటలు, దేశదేశాల స్టాంపులు. ఆదివారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మద్దిలేటి వెళ్ళేవాడు. మద్దిలేటి స్నేహితుడు, డ్రాయింగు మాస్టరు సుంకన్న కూడా వచ్చేవాడు.

పాతకాలపు స్టాంపు కాగితంలో కంటికి ఆనని ముద్ర ఒకటి దాగి ఉంటుంది. కాగితం ఇంకా తడి గుజ్జుగా ఉన్నప్పుడే దాన్ని వేస్తారు. వాటర్‌మార్క్ అంటారు. దాన్ని చూడాలంటే స్టాంపును నల్లటి సాసరులో బోర్లా వేసి, వీపు మీద రెండు చుక్కల బెంజిన్ వదలాలి. ముద్ర పైకి తేలుతుంది. కాసేపటికి బెంజిన్ ఎగిరిపోతుంది, ముద్ర మళ్ళీ దాక్కుంటుంది. స్టాంపు ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. వెనక పూసిన జిగురు కూడా చెక్కు చెదరదు. వాడని స్టాంపుకు ఆ జిగురే ప్రాణం. జిగురు పోయిందంటే విలువ సగం పోయినట్టే.

మద్దిలేటి దగ్గర అలాంటిది ఒకటుంది. తెల్లదొరల కాలం నాటి రాణి బొమ్మది. లోపల ఏనుగు తల ముద్ర. వెనక జిగురు నిన్న పూసినంత నిగనిగలాడుతూ ఉంది.

"అన్నా, ఆ రాణిని రెండు రోజులు ఇస్తావా? అంచులు చూసి బొమ్మ గీసుకుంటా" అన్నాడు సుంకన్న ఒకసారి.

సుంకన్న దగ్గరా రాణి స్టాంపు ఉంది. దానికి జిగురు లేదు. ఆ సంగతి మద్దిలేటికి ఠక్కున గుర్తొచ్చింది. లేదనలేక "దానికేం, తీసుకోప్పా" అన్నాడు. ఇచ్చేముందు మాత్రం ఇంట్లో తలుపేసుకుని, స్టాంపు వెనక ఒక మూలన, జిగురు మీద, సన్నటి పెన్సిలుతో చుక్క పెట్టాడు. చీమ తలకాయంత. మార్చి ఇస్తే దొరికిపోతాడు!

రెండు రోజులన్నది వారమైంది. సుంకన్న ఆదివారం వచ్చాడు గానీ స్టాంపు తేలేదు. "మర్చిపోయినా అన్నా" అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

మొహం ఎందుకు తిప్పుకున్నట్టు?

మద్దిలేటి మంగళవారం నేరుగా వాళ్ళింటికి పోయాడు. తలుపు దగ్గర సుంకన్న భార్య లక్ష్మీదేవి అడ్డం నిలబడింది. "ఒళ్ళు బాగలేదన్నా, పడుకున్యాడు."

లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది. టేబులు సొరుగు మూసిన చప్పుడూ అయింది.

"పడుకున్నోడు కుర్చీలు కూడా జరుపుతాడామ్మా?" అన్నాడు మద్దిలేటి.

ఆయన ఇల్లు చేరేదాకా ఆ సొరుగు చప్పుడే చెవిలో ఉంది. దొంగతూకం పెట్టే షావుకారు కూడా ఇన్‌స్పెక్టరును చూడగానే సొరుగే మూస్తాడు. ఇన్నేళ్ళుగా ఒక ప్లేటులో తిన్నాం గదా, వీడేనా అనుకున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

శనివారం సుంకన్నే వచ్చాడు. బటరు పేపరులో చుట్టిన స్టాంపు చేతిలో పెట్టి, "చూసుకో అన్నా" అన్నాడు. నిలబడలేదు. కాఫీ తాగమన్నా తాగలేదు.

మద్దిలేటి గబగబా భూతద్దం తీశాడు. చుక్క ఉంది! సాసరులో వేశాడు. ఏనుగు తల ఉంది. తనదే. నూటికి నూరుపాళ్ళూ తనదే.

గుండె మీద నుంచి బండ దించినట్టయింది.

మర్నాడు హజ్రత్ గదికి నవ్వుతూ పోయాడు. సుంకన్న ఇంకా రాలేదు. ఆ సందు చూసుకుని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. చుక్క పెట్టిన ఉపాయం దగ్గర కొంచెం గొంతు కూడా పెంచాడు.

"పరీక్ష పెట్టినా హజ్రత్. నెగ్గినాడు. సుంకన్న అచ్చమైన మనిషి. ఇంక నాకు ఏ అనుమానమూ లేదు."

హజ్రత్ చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ స్టాంపు ఇటియ్యి. నేనూ పరీక్ష చేస్తా."

మద్దిలేటి సంబరంగా ఇచ్చాడు. హజ్రత్ దాన్ని నల్లటి సాసరులో బోర్లా వేశాడు. బెంజిన్ సీసా పక్కనే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. కూజా వంచి, సాసరు నిండా నీళ్ళు పోశాడు.

"అయ్యో హజ్రత్, నీళ్ళు!"

"ఆగు. ఏనుగు కనబడుతోందా?"

కనబడుతోంది. తొండం, చెవులు, స్పష్టంగా.

"అసలుదేనా?"

"అసలుదే, కానీ..."

"తీసుకో మరి."

మద్దిలేటి స్టాంపు తీశాడు. వీపు మీద నిగనిగ లేదు. వేలితో తడిమాడు. వట్టి కాగితం. సాసరులో నీళ్ళు మాత్రం కొద్దిగా బంకబంకగా ఉన్నాయి.

"జిగురు పోయింది హజ్రత్!"

"అసలుదని తేలింది కదా. సంతోషమే గదా?"

మద్దిలేటికి కోపం వచ్చింది. గురువు మీద వచ్చిన కోపం కాబట్టి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టాంపునే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు హజ్రత్ మెల్లగా అన్నాడు. "సుంకన్న మొన్న వచ్చినాడు. ఇక్కడే, నువ్వు కూర్చున్న చోటే కూర్చుని ఏడ్చినాడు."

"ఎందుకు?"

"పొద్దస్తమానం పెన్సిలు పట్టుకునే చెయ్యి గదా అతనిది. అన్న నమ్మి ఇచ్చిన స్టాంపు మీద నా పెన్సిలు చుక్క పడింది హజ్రత్, అన్నాడు. రుద్దితే జిగురు లేచిపోతుందని ముట్టుకోలేదట. ఏ మొహంతో తిరిగి ఇవ్వాలన్నాడు. ఈరోజు వస్తాడనుకోను."

తిప్పుకున్న మొహం, మూసిన సొరుగు, తాగని కాఫీ, ఒక్కొక్కటీ తిరగబడి మద్దిలేటికి ఇంకోవైపు చూపించాయి. జిగురుతో పాటు ఆ చుక్క కూడా నీళ్ళలో కొట్టుకుపోయింది. ఎంత వెతికినా లేదు.

మద్దిలేటి చిన్నగా అడిగాడు. "నేను చుక్క మాట ఎత్తకుండా, వచ్చే ఆదివారం సుంకన్నను ఎప్పటిలాగే పిలుచుకొస్తే? ఆ పై ఆదివారానికి అంతా మామూలైపోతుంది గదా?"

"జిగురు పోయిన స్టాంపుకు మళ్ళీ కొత్త జిగురు పూసేవాళ్ళున్నారు" అన్నాడు హజ్రత్. "దాన్ని మీరేమంటారు?"

"నకిలీ అంటాం."

"మరి జిగురు పోయినదాన్ని పారేస్తారా?"

"పారేయం హజ్రత్. ఆల్బంలోనే పెట్టుకుంటాం." మద్దిలేటి స్టాంపును బటరు పేపరులో పెట్టాడు. "జిగురు లేదని చెప్పి పెట్టుకుంటాం."

హజ్రత్ సాసరులో నీళ్ళు బయట పారబోసి వచ్చాడు.

"సుంకన్న ఇంట్లోనే ఉంటాడు," అన్నాడు. "పోయి చెప్పు."