ఒజ్జకు అప్పజెప్పిన పిల్ల

అనగనగా ఒక సముద్రం. సముద్రం పక్కన ఉప్పు మళ్ళు. ఆ మళ్ళ నడుమ ఉప్పుగట్టు అని ఒక ఊరు. వాన కురిస్తే ఏడ్చే ఊరు, ఎండ కాస్తే నవ్వే ఊరు లోకంలో అదొక్కటే కాబోలు.

ఆ ఊళ్ళో నూకాలు, అప్పన్న అని ఆలుమగలు. ఉప్పు పండించుకు బతికేవాళ్ళు. వాళ్ళకు లేక లేక పుట్టిన కూతురు పైడి. పైడికి తెలిసినవి రెండే పనులు. ఒకటి నవ్వడం, రెండోది అడగడం.

"అమ్మా, సముద్రానికి దాహమేస్తే ఏ నీళ్ళు తాగుతాది?"

"అయ్యా, ఉప్పు రుసి ఉప్పుకి తెలుస్తాదా?"

పొద్దున లేచింది మొదలు ఇదే వరస. "నీ నోటికి తాళం పడ, కాసేపు ఊరుకోవే" అని నూకాలు విసుక్కునేది. తల్లులన్నాక ఎన్నో అంటారు. అన్నవన్నీ జరగాలని అంటారా?

ఆ దేశపు రాజు మంచివాడే. అంతకుముందు కోటలో కొలువులన్నీ మంత్రుల మేనల్లుళ్ళకే దక్కేవి. రాజు దాన్ని మాన్పించి చాటింపు వేయించాడు. "ఇకమీదట పదేళ్ళు నిండిన ప్రతి బిడ్డకూ ఒకే పరీక్ష. నూరు ప్రశ్నలు. సేనాపతి బిడ్డకైనా అవే, కూలివాడి బిడ్డకైనా అవే. నెగ్గిన బిడ్డకు కోటలో చదువు, ఆపైన కొలువు!"

ఆ చాటింపుతో ఊరు రెండుగా చీలింది. "ఇన్నాళ్ళకి న్యాయం జరిగింది. ఇక పిల్లల్ని నిద్రపోనివ్వకూడదు" అన్నాడు గానుగ ఆడించే సూరయ్య. "ఒకే కుంచంతో అందరినీ కొలుస్తారా? కుంచం గింజలతోనూ నిండుతాది, ఊకతోనూ నిండుతాది" అంది ముసలి అచ్చమ్మ. ముసలిదాని మాట ఎవరు వింటారు?

ఆ పూట అప్పన్న అన్నం ముట్టలేదు. తన అరచేతులు రెండూ పెళ్ళాం ముందు చాపాడు. ఉప్పు కొరికేసిన చేతులు, పగుళ్ళలో తెల్లగా పొక్కులు.

"సూడు నూకాలూ. మా అయ్య సచ్చిపోతే ఒళ్ళంతా కాలినాది గాని కాళ్ళు కాలనేదు. అంత ఉప్పు పట్టేసినాది. మన పైడికి ఈ బతుకొద్దే" అన్నాడు.

ఆ మాటలో తప్పేముంది? నూకాలు కోరుకున్నదీ అదే.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఊళ్ళోకి ఒక ఒజ్జ వచ్చాడు. ఒజ్జ అంటే చదువు చెప్పే అయ్యవారు. భుజాన మూడు తాటాకు కట్టలు వేసుకుని గట్టు మీద నడిచి వస్తున్నాడు. గాలి లేదు. మళ్ళలో నీళ్ళు కదలడం లేదు. నూకాలు పార ఆపి చూసింది. నీళ్ళలో ఆకాశం కనబడుతోంది, గట్టు కనబడుతోంది, తాటాకు కట్టలు మూడూ కనబడుతున్నాయి. కట్టలు మోస్తున్న మనిషి మాత్రం కనబడడం లేదు. ఎండకు కళ్ళు బైర్లు కమ్మాయి కాబోలు అనుకుంది.

ఉప్పు నిలవ చేసే పాత కొటారు ముందు ఊరంతా పోగయింది. ఒజ్జ మెత్తగా మాట్లాడాడు. మాట వినబడిన తరువాత అతని పెదవులు కదిలేవి.

"నా దగ్గర చదివిన బిడ్డకు నూటికి నూరు. ఒక్కటి తగ్గదు."

"దక్షిణ ఏమిటి స్వామీ?" అన్నాడు సూరయ్య.

"చిల్లిగవ్వ వద్దు. మీరు పిల్లల్ని నాకు అప్పజెప్పండి. పిల్లలు పాఠాలు నాకు అప్పజెబుతారు. నాకంతే చాలు."

అంతేనా, ఇంత ధర్మాత్ముడా అని అందరూ మురిసిపోయారు. అయ్యవారికి పిల్లల్ని అప్పజెప్పడం మనకు కొత్తా? ఒక్కొక్కరే పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చారు. నూకాలు కూడా వచ్చి, అందరూ అనే మాటే అంది.

"మా గుంటని మీకు అప్పజెప్పినాం బాబూ. కొట్టినా తిట్టినా మీదే భారం."

పైడి తల్లి కొంగు వదలలేదు. నూకాలే ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, కొటారులోకి పంపింది.

పదిహేను రోజులకు మొదటి కట్ట పూర్తయింది. పైడి ఒజ్జకు ఎదురుగా, మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది. కట్టంతా తడుముకోకుండా అప్పజెప్పి ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం అప్పన్న నడుం వాలిస్తే కోడిపెట్ట ఎగిరి అతని బొజ్జ మీద కూర్చుంది. ఇదివరకైతే పైడి నవ్వి నవ్వి నేల మీద దొర్లేది. ఇప్పుడు నిలబడి చూసింది.

"కోడి. కాళ్ళు రెండు, రెక్కలు రెండు" అంది.

"సూసినావా, ఎంత కుదురొచ్చినాదో!" అని అప్పన్న సంతోషించాడు. నూకాలు కూడా సంతోషించబోయింది. కానీ బిడ్డ మొహంలోకి వంగి, ఆ నవ్వు కోసం వెతికింది.

మరునాడు మధ్యాహ్నం బిడ్డకు అంబలి పట్టుకుని కొటారుకు వెళ్ళింది. గోడ దాటకముందే పైడి నవ్వు వినబడింది. గలగలా, మధ్యలో ఊపిరి ఎగబీల్చే నవ్వు. అచ్చం పైడిదే. నూకాలు ప్రాణం లేచి వచ్చి, పరుగున పోయి తొంగి చూసింది.

పిల్లలు బారులు తీరి కూర్చున్నారు. ఇరవై నోళ్ళు ఒక్కసారే తెరుచుకుంటున్నాయి, ఒక్కసారే మూసుకుంటున్నాయి. ఇరవై నోళ్ళలోనూ ఒకటే గొంతు. పైడి కూడా వల్లె వేస్తోంది. నవ్వు వస్తున్నది ఒజ్జ గొంతులోంచి. తలుపు వైపు తిరిగి, నూకాలును చూస్తూ, ఆమె కూతురి నవ్వు నవ్వుతున్నాడు. నవ్వు ఆగిపోయాక అతని పెదవులు విచ్చుకున్నాయి.

చేతిలో ముంత జారి పడింది. పిల్లలెవరూ తల తిప్పలేదు.

ఇంటికి వచ్చి మొగుడితో చెబితే, "ఎండలో తిరిగినావు, మజ్జిగ తాగి పడుకో" అన్నాడు. సూరయ్యతో చెబితే, "నీ పిల్ల వెనకబడితే చెప్పు, ఇలాంటి కథలు చెప్పకు" అన్నాడు. ఎవరూ నమ్మకపోతే మనకే మన మీద అనుమానం వస్తుంది. నూకాలు మరో పదిహేను రోజులు నోరు మూసుకుంది. అది ఆమె చేసిన రెండో తప్పు.

రెండో కట్ట కూడా పైడి అప్పజెప్పేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రశ్న అన్నది వినబడలేదు. నూకాలు పొయ్యి దగ్గర కూర్చుని ఎదురుచూసింది. ఉప్పు ఎక్కువ వేసింది, ఎందుకేశావని అడగలేదు. పొయ్యి మీద ఖాళీ కుండ పెట్టింది, ఏం వండుతున్నావని అడగలేదు.

"ఏదైనా అడగవే తల్లీ" అని బతిమాలింది.

"ఏటడగాలో సెప్పమ్మా. రాసుకుని అడుగుతాను" అంది పైడి.

సూరయ్య కూతురు కనకం అందరికంటే ముందుంది. మూడో కట్ట కూడా అప్పజెప్పేసింది. వాకిట్లో నిలబడ్డ పిల్లను తల్లి పిలిచింది. "కనకం! ఒసే కనకం!"

పిల్ల తిరగలేదు. గాలిలోకి చూస్తూ చెప్పింది. "కనకము అనగా బంగారము. స్వర్ణము, హేమము, పసిడి దాని పర్యాయపదములు."

"చూశారా! అడక్కుండానే పర్యాయపదాలు!" అని సూరయ్య ఊరంతా చెప్పుకుని తిరిగాడు. కనకం తల్లి మాత్రం గడపలో కూలబడి, తన బిడ్డను పరాయి పిల్లను చూసినట్టు చూస్తూ ఉండిపోయింది.

మూడో కట్టతో పేరు కూడా పోతుందన్నమాట! మరునాడు మధ్యాహ్నానికి పైడి వంతు. నూకాలు మొగుడి ముందు నిలబడింది.

"మావా, మన గుంట మనల్ని సూసి నవ్వి ఎన్నాళ్ళయినాది?"

అప్పన్న తన అరచేతులు చూసుకున్నాడు. వాటిలో మొహం దాచుకుని ఏడ్చాడు. "ఒక్క కట్టే కదే మిగిలినాది" అని మాత్రం అనలేకపోయాడు.

నూకాలు కొటారుకు బయలుదేరింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ మాట తెలుసు. దారంతా ఒకే మాటను నోట్లో తిప్పుకుంటూ నడిచింది. అప్పజెప్పడం. పొరుగింటి పలుగు తెచ్చుకుంటే పని కాగానే అప్పజెబుతాం. అప్పజెప్పినది మన చేతిలో ఉండదు, అవతలివాళ్ళ చేతికి పోతుంది. పిల్లలు పాఠంతో పాటు ఏమేం అప్పజెప్పేశారో ఇప్పుడు తెలిసింది. మరి ఒజ్జ ఎవరికైనా, ఎప్పుడైనా, ఏదైనా అప్పజెప్పాడా?

కొటారులో ఒజ్జకు ఎదురుగా పైడి కూర్చోబోతోంది. నూకాలు బిడ్డను పక్కకు లాగి, ఆ చోట తాను కూర్చుంది. మోకాలికి మోకాలు ఆనించింది. ఒజ్జ మోకాలు ఉప్పు రాశిలా చల్లగా ఉంది.

"బాబూ, ఊళ్ళో ఒక మాట అనుకుంటన్నారు. నమ్మలేక వచ్చినాను" అంది.

"ఏమనుకుంటున్నారు?"

"పిల్లలకి వచ్చిన పాఠం ఒజ్జగారికి రాదంట. కట్ట ముందుంటే గాని ఒక్క ముక్క సెప్పలేరంట."

ఒజ్జ కళ్ళు ఎర్రబడ్డాయి. అహంకారానికి చెవులే గాని కళ్ళు ఉండవు కదా! "నాకు రాదా? ఏ కట్ట కావాలో అడుగు!"

"అయితే నాకు అప్పజెప్పండి బాబూ. మొదటి కట్ట."

ఒజ్జ గడగడా అందుకున్నాడు. ఒక్క తప్పు లేకుండా మొదటి కట్ట అప్పజెప్పాడు. ఆఖరి మాట నోట్లోంచి ఊడిపడగానే నూకాలు వీపు వెనక కిసుక్కుమని ఒక నవ్వు, పక్కనే ఇంకొకటి, ఆపైన ఇరవై నవ్వులు. నూకాలు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తుంది, ఏడిస్తే ఒజ్జకు తెలిసిపోతుంది.

"రెండో కట్ట రాదేమో?" అంది.

ఒజ్జ మరింత గొంతెత్తి రెండోదీ అప్పజెప్పాడు. ఈసారి గొంతు సన్నబడింది, చెంపలు లోపలికి పోయాయి. అప్పుడు తెలిసింది అతనికి. గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మూడో కట్ట లోపలే ఉండిపోయింది. కనకం పేరు, మరో ఆరుగురు పిల్లల పేర్లు ఆ నోట్లోనే ఉన్నాయి.

"అప్పజెప్పండి బాబూ" అంది నూకాలు. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అంది. మళ్ళీ ఊపాడు. నూకాలుకు ఇక ఏ ఉపాయమూ తోచలేదు.

అప్పుడు పైడి తల్లి భుజం మీదుగా తొంగి చూసింది. ఒజ్జ చేతులను, కళ్ళను తేరిపార చూసింది. దానికి ఉపాయమూ తెలియదు, అపాయమూ తెలియదు. తెలుసుకోవాలనిపించింది, అడిగింది.

"ఒజ్జగారూ, సిన్నప్పుడు మిమ్మల్ని ఎవరు అప్పజెప్పినారు?"

ఆ ప్రశ్న మూడు కట్టల్లోనూ లేదు. ఒజ్జ చేతులు మెల్లగా నోటి మీది నుంచి జారిపోయాయి. ఇంతసేపూ వెనకబడిన పెదవులు మాటతో పాటే కదిలాయి. వచ్చింది ముసలి గొంతు కాదు, ఏడెనిమిదేళ్ళ పిల్లవాడి గొంతు.

"మా అమ్మ" అన్నాడు.

అంతే. ఆ మాట వెంటే లోపల దాచుకున్న పేర్లన్నీ ఊడిపడ్డాయి. అతని దగ్గర ఇక ఇవ్వడానికి ఏమీ మిగలలేదు. నూకాలు మోకాలి ముందు మనిషి లేడు. నేల మీద తడి మరక, మూడు తాటాకు కట్టలు మాత్రం ఉన్నాయి. విప్పి చూస్తే ఏ ఆకు మీదా ఒక్క అక్షరం లేదు. బయటి నుంచి "కనకం!" అని తల్లి కేక వినబడింది. "వత్తన్నానమ్మా!" అంటూ కనకం పరుగెత్తింది.

ఊరంతా సంబరపడుతుంటే నూకాలు ఒక్కతే ఆ తడి మరక దగ్గర కూర్చుండిపోయింది. ఒజ్జ తల్లి కూడా తనలాగే బిడ్డ వేళ్ళు విడదీసి ఉంటుంది. అప్పజెబితే ఏం పోతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబోలు. పైడిని దగ్గరకు లాక్కుని, "నిన్ను నాను అప్పజెప్పనేదే. నువ్వు నా దగ్గరే ఉండి సదువుకో" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

మరుసటి ఏడు పైడికి పదేళ్ళు నిండాయి. పరీక్ష మానలేదు. మానవలసిన పనీ లేదు. అప్పన్న ఉప్పు కుప్పలు లెక్కపెట్టించి లెక్కలు నేర్పాడు. అచ్చమ్మ పద్యాలు చెప్పింది. తెలియనివి తెలిసినవాళ్ళను అడిగి తెచ్చుకున్నారు. రాత్రి అయితే పిల్లను పడుకోనిచ్చారు.

ఫలితాలు వచ్చిన రోజు సూరయ్య ఎదురుపడ్డాడు. "మా కనకానికి డెబ్భై. మీ పిల్లకి ఎన్నొచ్చాయి నూకాలూ?"

అరవై ఆరు వచ్చాయి. కోటలో చదువుకు అవి సరిపోతాయి. మరో మూడు తగ్గి ఉంటే సరిపోయేవి కావు. కానీ నూకాలు ఆ సంగతి చెప్పలేదు.

"అరవై ఆరు బాబూ. అన్నీ దానివే" అంది.

పిల్లలను పరీక్షకు సిద్ధం చేయవచ్చు గాని, పరీక్షకు అప్పజెప్పరాదు.