ఎడమకు లాగే తుపాకి

ఎర్రగుట్ట సంస్థానంలో దొర వేటకు పోతే డప్పు కొట్టి జంతువుల్ని తోలే గాలయ్య, ఒకనాడు ఆ దొర తుపాకి గుండుకే పోయాడు. దొర చేతిలో మనిషి పోతే ఆ ఇంటికి పొలం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. పొలం ఇవ్వడం దొరకు ఇష్టం లేదు.

"నేను పందికే గురిపెట్టాను. గొట్టం అరిగిపోయి గుండు మూరెడు ఎడమకు లాగింది. తప్పు తుపాకిది" అని కచేరీలో తేల్చేసి, తుపాకులు బాగుచేసే కమ్మరి నాగోజును పిలిపించాడు. "ఇది మా తాతగారిది. ఉంచుకోమంటావా, ఇచ్చేసి వేరేది తీసుకోమంటావా, గొట్టం ఒక్కటే మార్పిస్తే సరిపోతుందా?"

గాలయ్య పెళ్ళాం బాలమ్మ గుమ్మం దగ్గర కూర్చుని వింటోంది.

నాగోజు గొట్టంలోకి తొంగి చూశాడు. మందూ గుండూ దట్టించి దొర చేతికిచ్చి, ఎదుటి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నా గుండెకు గురిపెట్టి కాల్చండి దొరా. మూరెడు ఎడమకు లాగితే నాకేం కాదు. రేపే గొట్టం మారుస్తాను."

"తగిలితే?"

"తగిలితే గొట్టం మంచిదన్నట్టే. గాలయ్య ఇంటితోపాటు మా ఇంటికీ పొలం ఇప్పిద్దురు గాని."

దొర తుపాకి ఎత్తాడు. నాగోజు గుండెకు గురిపెట్టాడు. చివరికి తుపాకి దించేశాడు.

నాగోజు దాన్ని అందుకుని, మందు తీసేసి, గోడకున్న మేకుకు తగిలించాడు.

"ఉంచుకోండి దొరా. నిక్షేపంలా ఉంది."

మర్నాడే బాలమ్మకు రెండెకరాలు రాసిచ్చారు. తొలకరి పడింది. ఊరంతా అరకలు కట్టింది. దున్నే మనిషి లేక బాలమ్మ ఒక్కతే గట్టు మీద కూర్చుంది.