ఏడో లారీ పట్టా

గిరివరం సంస్థానంలో యుద్ధకాలం నాటి పాత మిలిటరీ లారీలుండేవి. వాటి టార్పాలిన్ పట్టాలు ఉతికి బిగించేవాడు దాసప్ప. ఒక సాయంత్రం రాజుగారు వాటిని చూసి, "కొత్తవాటిలా ఉన్నాయే!" అని అతని భుజం తట్టారు. ఇరవై ఏళ్లుగా అలాంటి మెప్పుకు నోచుకోని షెడ్డు అధికారి భుజంగరావుకు కడుపు మండిపోయింది.

మర్నాడు దర్బారులో, "వీడి ఉతుకుడికి ఏడో లారీ పట్టా చిరిగింది ప్రభూ!" అన్నాడు.

"నువ్వు చూశావా?"

"లేదు ప్రభూ, పనివాళ్లు చెప్పారు."

దాసప్ప చేతులు కట్టుకున్నాడు. "నిజమే ప్రభూ, ఎవరో కత్తితో కోశారు. పనివాళ్లు రాకముందే చూసి కుట్టేశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అయ్యగారికి చెప్పినవాడి పేరు తెలిస్తే, కోసినవాడు దొరికినట్టే."

రాజుగారు భుజంగరావు వైపు తిరిగారు. భుజంగరావు చప్పున ఆయన కాళ్ల మీద పడ్డాడు.

ఆనాటి నుంచి పట్టాలు ఉతికే పని భుజంగరావుదైంది. బిగించే పని మాత్రం దాసప్పకే ఉంచారు.