చిరుగు లేని బొమ్మ

దాలినాయుడు గీసిన త్రీడీ బొమ్మ ఊళ్ళో అందరికీ నచ్చింది. ఖాదర్ మాస్టారికి నచ్చలేదు. శిష్యుడి బాధల్లా అదే.

ఊరి చివర పాత రాతి క్వారీ ఉంది. తవ్వకం ఆగి, నీళ్ళు నిండాయి. హైస్కూలు పిల్లలకు అందులో ఈత నేర్పించాలని హెడ్మాస్టరు గారి ముచ్చట. రేపు పొద్దున్నే మొదలు. ఎక్కడ ఎంత లోతో చూసి చెప్పమని ఖాదర్ మాస్టారిని అడిగారు. మాస్టారు ఉద్యోగమంతా చెరువుల లోతులు కొలిచిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. పని శిష్యుడికి అప్పగించారు.

దాలినాయుడు తెప్ప మీద తిరిగాడు. తాడుకు ఇనప గుండు కట్టి లోతులు కొలిచాడు. అంకెలన్నీ కంప్యూటర్లో పోశాడు. లెక్కల సాఫ్ట్‌వేరు వాటి మీద క్వారీ అడుగుని బట్టలా పరిచింది. ఒడ్డున పచ్చగా, లోపలికి పోయేకొద్దీ నీలంగా. మౌసుతో లాగితే గిర్రున తిరుగుతుంది.

ఇలాంటి బొమ్మలు గీసేవాళ్ళకి ఒక జబ్బుంది. నాకూ ఉంది కనుక ధైర్యంగా చెబుతున్నాను. తడుముకుంటూ సొంతంగా నేర్చుకున్న విద్య కదా, బొమ్మ తిరిగిందంటే చాలు, నిజమే అయ్యుంటుందనిపిస్తుంది.

దాలినాయుడు కంప్యూటరుని మాస్టారింటికి తెచ్చాడు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"బండలు పేల్చిన చోటు ఇంత నున్నగా ఉందేమిట్రా?"

"సాఫ్ట్‌వేరు అలా చూపిస్తుంది మాస్టారూ. నడుం లోతు దాటి ఎక్కడా లేదు."

"మధ్యకి అడ్డంగా కోసి చూపించు."

"కోస్తే ఏముంటుందండీ, ఒక గీత. ఇలా తిప్పి చూడండి, ఎంత బాగుందో."

మాస్టారు తిప్పలేదు. "సరే, లోపలికి రా. టీ తాగుదాం."

లోపలి గదిలో నులక మంచం. దాని మీద నెమళ్ళ బొమ్మల కొత్త దుప్పటి, ఒక్క ముడత లేకుండా. మాస్టారు శిష్యుడి చేతికి గ్లాసిచ్చి, "కూర్చో" అన్నారు.

కూర్చున్నాడు. నెమళ్ళతో సహా కిందికి పోయాడు. మంచం మధ్యలో నులక లేదు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. టీ చొక్కా తాగింది.

"దుప్పటి నచ్చిందా?" అన్నారు మాస్టారు.

అలా మడతపడే ఉన్న దాలినాయుడికి తను చేసిన పని గుర్తొచ్చింది.

మొదట గీసినప్పుడు బొమ్మ మధ్యలో ఒక చిరుగు కనబడింది. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని, తెప్పని పోనివ్వని చోటు అది. అక్కడ కొలవలేదు. చిరుగు చూడ్డానికి బాగాలేదని, సాఫ్ట్‌వేరుకి ఒక్క ఆజ్ఞ ఇచ్చి పూడ్పించేశాడు.

మంచంలోంచి తనే పాక్కుంటూ బయటపడి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మాస్టారు కోయమన్నట్టే, అంకెల్లో మధ్య వరస ఒక్కటే తీసి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి గీత గీశాడు. తను నిజంగా గుండు దించిన చోట్ల దాని మీద చుక్కలు పెట్టాడు. ఈ ఒడ్డున చుక్కలున్నాయి. ఆ ఒడ్డున ఉన్నాయి. మధ్యలో గీత ఒక్కటే, చుక్కన్నది లేకుండా, ఎంతో నమ్మకంగా నడిచిపోతోంది.

తాడూ కొడవలీ పట్టుకుని పరిగెత్తాడు. మాస్టారు కుంటుకుంటూ వెనకాల వెళ్ళారు.

గుర్రపుడెక్కని కోసుకుంటూ తెప్పని మధ్యకి తోశాడు. గుండు వదిలాడు. నడుం లోతు దాటింది. మనిషి లోతు దాటింది. తాడు చేతుల్లోంచి జారుతూనే ఉంది. చివరికి తాడు కొస పిడికిట్లోకి వచ్చేసింది.

"తగిలిందా?" ఒడ్డు మీంచి మాస్టారు అడిగారు.

గుండు ఇంకా కిందికి లాగుతూనే ఉంది.

సాయంత్రం హెడ్మాస్టరు ఖాదర్ మాస్టారింటికి వచ్చారు. కంప్యూటర్లో బొమ్మ మళ్ళీ చిరుగుతోనే ఉంది.

"రేపటి ఈత ఆపెయ్యండి సార్" అన్నాడు దాలినాయుడు.

"అదేమిటయ్యా? నిన్న నడుం లోతన్నావు. మధ్యలో ఈ చిరుగేమిటి?"

"చెబుతాను, లోపల కూర్చోండి." మంచం మీద దుప్పటి మళ్ళీ ముడత లేకుండా పరిచి ఉంది.

మాస్టారు గబగబా వెళ్ళి దుప్పటి లాగేశారు.

"ఆయనకి అక్కర్లేదురా. చిరుగు కనబడిందిగా."