జ్యోత్స్నమ్మ కూర్చుందా?

అక్షరాలు పెట్టెలోకి కొత్తగా కాపురానికొచ్చిన రోజులవి. ఎన్నాళ్ల క్రితమని నన్నడక్కండి, చెబితే నా వయసు తెలిసిపోతుంది. కంప్యూటర్ని అప్పట్లో పెట్టె అనేవాళ్లం. దూరదేశపు పెట్టె. దానికి అక్షరాల్ని పక్కపక్కన నిలబెట్టడమే తెలుసు. మన వత్తులేమో కింద కూర్చుంటాయి కదా? కూర్చోనిచ్చేది కాదు. అమ్మ కాస్తా అమ అయింది, అన్నం కాస్తా అనం అయింది. ఊరు ఊరంతా సర్దుకుపోయింది. పుట్టిన పిల్లలకి వత్తుల్లేని పేర్లు వెతికి పెట్టేవారు. రమ, సీత, మాధవి. ఎంత చోద్యమో చూడండి!

ఆ ఊళ్లో బజ్జీల బండి నడిపే ఒకావిడ ఉండేది. పేరు జ్యోత్స్న. ముచ్చటగా మూడు వత్తులు, అందులో రెండు ఒకే అక్షరం కింద. నోరు తిరగనివాళ్లు జోస్నమ్మా అనేవారు. ఎలా పిలిచినా పలికేది. రాత దగ్గర మాత్రం ఊరుకునేది కాదు.

బండికి పేరు పెట్టించుకుందామని, పెట్టెలో కొట్టి బోర్డులు అచ్చువేసే కామేశం దగ్గరికెళ్లింది. మొదటిసారి న వత్తు పక్కకొచ్చి నిలబడింది. ఇది నేను కాదు బాబూ అంది. రెండోసారి స వత్తు ఎటో పారిపోయింది. ఇది నేను కాదు బాబూ అంది. మూడోసారి కామేశం తెలివిగా చుట్టూ పువ్వులేసి, రంగులద్ది, జోతి అని అచ్చేసి ఇచ్చాడు. ఆవిడ బోర్డుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ జోతి ఎవరు బాబూ?"

"నువ్వేనమ్మా. అందరూ సర్దుకున్నారు, నువ్వూ సర్దుకో."

అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న రిక్షా తొక్కేవాడు. పౌర్ణమినాడు కూతురు పుడితే, వెన్నెలకి మంచి మాట చెప్పమని పంతులుగారిని అడిగి ఆ పేరు తెచ్చుకున్నాడు. ఆ ఒక్క మాటే రాయడం నేర్చుకున్నాడు. కూతురికీ అదే నేర్పాడు.

"మా నాన్న నాకిచ్చింది అదొక్కటే. అందులో ఒక్క వత్తు పోయినా నా మనసొప్పదు" అంది.

ఆ రోజునుంచి పట్టుకున్నాడు కామేశం పెట్టెని. బతిమాలాడు, తిట్టాడు, దణ్ణం పెట్టాడు. ఊహూఁ. విసుగొచ్చి బజ్జీల బండి దగ్గర కూలబడ్డాడు. ఇంతలో ఒకాయనొచ్చి బజ్జీలడిగాడు. ఆవిడ వెంటనే వేయలేదు.

"వెనకాల ఇంకెవరైనా వస్తున్నారా? అందర్నీ రానీండి. ఒక్కసారే వేడిగా వేస్తా, కలిసి కూర్చుని తిందురుగాని."

వెనకాల ఆయన భార్య వచ్చింది, ఆ వెనక పిల్ల వచ్చింది. ముగ్గురూ ఒక బల్లమీదే సర్దుకుని కూర్చున్నారు.

కామేశం తింటున్న బజ్జీ వదిలేసి పరిగెత్తాడు. పెట్టెకి ఆ మాటే నేర్పాడు. అక్షరం రాగానే నిలబెట్టెయ్యకు, వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమో చూడు, అందరూ వచ్చాక కలిపి కూర్చోబెట్టు అన్నాడు. త వచ్చింది, ఆగింది. స వచ్చింది, ఆగింది. న వచ్చింది. ముగ్గురూ బుద్ధిగా ఒకచోట కూర్చున్నారు.

కొత్త బోర్డుమీద ఆవిడ వేలు పెట్టి అక్షరం అక్షరం తడిమింది. ఇది నేనే బాబూ అంది. ఎంత సంతోషమంటే, ఆ పూట ఊరందరికీ ఊరికే బజ్జీలు పెట్టింది.

ఆ పేరు పట్టిన పెట్టెలో ఇంక పట్టని పేరేముంది? అమ్మ మళ్లీ అమ్మయింది. అన్నం అన్నమయింది. ఇక చూస్కోండి, నోరు తిరగని పేర్లు వెతికి మరీ పిల్లలకి పెట్టడం మొదలెట్టారు. అదో గోల.

ఆవిడ పోయి చాలా కాలమైంది. కానీ ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరు కొత్త కంప్యూటర్ కొన్నా, ఫోన్లోకి కొత్త అక్షరాలు దించుకున్నా, ముందు శ్రీ కూడా కొట్టరు. ఆవిడ పేరే కొడతారు. పక్కనున్నవాళ్లు మెడ చాపి, "జ్యోత్స్నమ్మ కూర్చుందా?" అని అడుగుతారు. కూర్చుందంటే పని మొదలు. లేదంటే ఆ అక్షరాలు ఎంత అందంగా ఉన్నా సరే, తీసి పక్కన పెట్టేస్తారు.

అదేమిటని ఎవరైనా అడిగితే, "పెద్దావిడ్ని నిలబెట్టి మేం పని మొదలుపెట్టమండీ" అంటారు.